లీజు వాళ్లది, పూచీ మనది: కృష్ణపట్నం నుంచి మార్కాపురం దాకా

రెండు రూపాయల ముప్పై మూడు పైసలు. పాతికేళ్ల సగటున యూనిట్ కరెంటు ఈ ధరకే ఇస్తామని చెప్పి రిలయన్స్ పవర్ కృష్ణపట్నం అల్ట్రా మెగా విద్యుత్ ప్రాజెక్టు టెండరు గెలుచుకుంది. 2008 జనవరిలో ప్రాజెక్టు ఆ కంపెనీ చేతికి వచ్చింది. దాదాపు నాలుగు వేల మెగావాట్ల సామర్థ్యం. ఆంధ్రప్రదేశ్‌తో పాటు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర కూడా ఆ కరెంటు కొంటామని సంతకాలు చేశాయి. ముత్తుకూరు తీరంలో భూములు సేకరించారు. ఇండోనేషియా నుంచి చౌకగా బొగ్గు తెప్పించుకోవడం మీదే కంపెనీ లెక్కంతా నిలబడింది. 2010లో ఇండోనేషియా ప్రభుత్వం తమ బొగ్గును అంతర్జాతీయ ధరకంటే తక్కువకు అమ్మరాదని నిబంధన పెట్టింది. లెక్క తలకిందులైంది, పని ఆగింది. ధర పెంచమని కంపెనీ, కుదరదని కరెంటు పంపిణీ చేసే సంస్థలు (డిస్కంలు) కోర్టులకెక్కాయి. ఆ ప్లాంటు నుంచి ఇప్పటికీ ఒక్క యూనిట్ కరెంటు రాలేదు.

ప్రైవేటీకరణ మీద మన చర్చ ఎప్పుడూ రెండు నినాదాల మధ్యే నలుగుతుంది. ప్రభుత్వం వ్యాపారం చేయకూడదని ఒకరు, ప్రజల ఆస్తి అమ్మకూడదని మరొకరు. రెండూ వినడానికి బాగుంటాయి గానీ ఫలానా ఒప్పందంలో ఏం రాసి ఉందో రెండూ చెప్పవు. నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు, చిల్లకూరు మండలాల తీరం వెంట ఒక పూట తిరిగితే ప్రైవేటీకరణ ఎన్ని రూపాల్లో ఉంటుందో, ఒక్కో రూపం ఎలా ముగుస్తుందో దాదాపు అన్నీ కనిపిస్తాయి. ప్రభుత్వం కట్టలేక ప్రైవేటుకిచ్చిన రేవు ఉంది. ప్రైవేటు కంపెనీ కట్టకుండా వదిలేసిన ప్లాంటు స్థలం ఉంది. కట్టి దివాలా తీసి చేతులు మారిన ప్లాంట్లు ఉన్నాయి. ప్రభుత్వమే కట్టి, ప్రైవేటుకు అప్పగించబోయి ఆగిన ప్లాంటు కూడా ఉంది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే యజమాని ఎవరన్నది రెండో ప్రశ్న అయిపోతుంది. లెక్క తప్పినప్పుడు డబ్బు ఎవరు కడతారు, ఇష్టం లేనప్పుడు మధ్యలో వదిలి వెళ్లగలిగేది ఎవరు అన్నవే మొదటి ప్రశ్నలు. చాలా ఒప్పందాల్లో డబ్బు కట్టేది జనం, వెళ్లగలిగేది కంపెనీ.

గెలిచిన ధర, కట్టే ధర

పెద్ద ప్రాజెక్టుల టెండరులో ఒక చిక్కు ఉంది. అందరికంటే తక్కువ ధర వేసినవాడు అందరికంటే సమర్థుడు కావచ్చు. లేదా భవిష్యత్తు గురించి అందరికంటే ఎక్కువ ఆశలు పెట్టుకున్నవాడు కావచ్చు. లేదా ముందు గెలిచి తర్వాత బేరమాడుకోవచ్చని ధైర్యం ఉన్నవాడు కావచ్చు. టెండరు తెరిచే రోజున ఈ ముగ్గురినీ వేరు చేసి చూపే సాధనం ఏ అధికారి దగ్గరా లేదు. సంతకాలయ్యాక పోటీ ఉండదు. ఇద్దరే మిగులుతారు, ఆ ఇద్దరిలో ఒకరికి కరెంటు తప్పనిసరి.

గుజరాత్‌లోని ముంద్రాలో ఇది మరింత స్పష్టంగా కనిపించింది. టాటా పవర్ అక్కడ యూనిట్‌కు 2.26 రూపాయల ధరతో ప్రాజెక్టు గెలిచి, కృష్ణపట్నంలా వదిలేయకుండా కట్టింది కూడా. అదే ఇండోనేషియా నిబంధన వాళ్లనూ దెబ్బతీసింది. టాటా, అదానీ కంపెనీలు అదనపు ధర అడిగాయి. విదేశంలో బొగ్గు ధర పెరగడం ఒప్పందం ప్రకారం ధర పెంచడానికి కారణం కాదని 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కథ అక్కడ ముగియాలి. ముగియలేదు. 2018లో గుజరాత్ ప్రభుత్వం కమిటీ వేసి, ఆ కంపెనీలకు ఊరటనిచ్చేందుకు తనంతట తానే అంగీకరించింది. ప్లాంట్లు మూతపడితే చీకట్లో ఉండేది జనమని కంపెనీలకూ తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు. కోర్టులో గెలిచిన పక్షం కూడా బేరానికి దిగాల్సి వచ్చింది.

కృష్ణపట్నానికి దక్షిణాన తమ్మినపట్నంలో మరో రెండు ప్లాంట్ల కథ వేరు. సింహపురి ఎనర్జీ 600 మెగావాట్లు, మీనాక్షి ఎనర్జీ 1,000 మెగావాట్లు. రెండూ పూర్తిగా ప్రైవేటువే కనుక ప్రజల సొమ్ముకు సంబంధం లేదని అనుకుంటాం. మీనాక్షిలో మెజారిటీ వాటాను 2013లో ఫ్రాన్స్‌కు చెందిన పెద్ద ఇంధన సంస్థ కొన్నది, 2016లో అమ్మేసి వెళ్లిపోయింది. తర్వాత రెండు కంపెనీలూ దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. 2022లో సింహపురిని జిందాల్ పవర్, 2023లో మీనాక్షిని 1,440 కోట్ల రూపాయలకు వేదాంత దక్కించుకున్నాయి. అప్పులిచ్చిన సంస్థలకు తిరిగొచ్చింది కొంతే. ఆ అప్పులిచ్చిన వరుసలో ప్రభుత్వ రంగ బ్యాంకులు ఉంటాయి. ఆ బ్యాంకులకు మూలధనం తగ్గినప్పుడల్లా కేంద్ర బడ్జెట్ నుంచి డబ్బు పోశారు. ప్రైవేటు పెట్టుబడి అని మనం పిలిచేదానిలో పెద్ద భాగం బ్యాంకు అప్పే. అది మన డిపాజిట్ల సొమ్ము.

నష్టం ఎక్కడ పుట్టింది

ఇదే తీరంలో నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. రాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో కుటుంబంలోని ప్రభుత్వ కంపెనీ కట్టింది. 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2015 నాటికి వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి, మూడోదాన్ని 2022 అక్టోబరు 27న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి జాతికి అంకితం చేశారు. విచిత్రం ఏమిటంటే, కొత్త యూనిట్‌కు ముహూర్తం పెట్టుకుంటున్న కాలంలోనే ప్లాంటు నిర్వహణను పాతికేళ్లు ప్రైవేటుకు లీజుకిచ్చే ప్రతిపాదన కూడా నడుస్తోంది. ఉద్యోగులు, భూములిచ్చిన కుటుంబాలవారు రోజుల తరబడి ఆందోళన చేశారు. లీజు అమలు దాకా వెళ్లలేదు.

ప్రతిపాదనకు చూపిన కారణం నష్టాలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ప్రభుత్వ సంస్థల నష్టం గురించిన వార్త చదివేటప్పుడు మనం అడగని ప్రశ్న ఒకటుంది: ఆ నష్టం ఏ గడిలో పుట్టింది? ప్రభుత్వ జనరేటింగ్ కంపెనీ కరెంటు తయారు చేసి ప్రభుత్వ డిస్కంలకు అమ్ముతుంది. డిస్కంలకు ప్రభుత్వం నుంచి సబ్సిడీ సొమ్ము ఆలస్యంగా వస్తుంది, అవి జనరేటింగ్ కంపెనీకి ఆలస్యంగా చెల్లిస్తాయి. ఆ లోపు బొగ్గు కొనడానికి కంపెనీ అప్పు చేస్తుంది. వడ్డీ పెరుగుతుంది. ఇదంతా ఒకే ప్రభుత్వం కుడి జేబు నుంచి ఎడమ జేబుకు పోవాల్సిన డబ్బు. కానీ బకాయి పడిన జేబు బాగానే కనిపిస్తుంది, డబ్బు రావాల్సిన జేబు నష్టాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని లీజుకిస్తే కొత్త నిర్వాహకుడు మొదటి షరతుగా పెట్టేది సకాలంలో చెల్లింపు. ఆ షరతు ఒప్పుకోగలిగిన ప్రభుత్వం అదే పని తన సొంత కంపెనీకి ఎందుకు చేయలేదన్నదే అసలు ప్రశ్న.

విశాఖ ఉక్కు విషయంలోనూ ఇదే వరస. సొంత గనులు కేటాయించకుండా ఇనుప ఖనిజం మార్కెట్ ధరకు కొనిపించారు. 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో అదే కేంద్రం ఆ కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. మధ్య నాలుగేళ్లలో అది అమ్మాల్సిన సంస్థో, నిలబెట్టాల్సిన సంస్థో ఉద్యోగులకే కాదు, దాంతో వ్యాపారం చేసేవారికీ తెలియలేదు. అనిశ్చితికి కూడా ఖరీదు ఉంటుంది. దాన్ని ఏ పద్దులోనూ రాయరు.

రేవు మనదే, నిర్ణయం ఎవరిది

ప్రైవేటు వల్ల ఏమీ రాలేదని చెప్పడం అబద్ధం. కృష్ణపట్నం శతాబ్దాల నాటి రేవే అయినా రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నన్నాళ్లూ చిన్న రేవుగానే మిగిలింది. నవయుగ సంస్థ ఒప్పందం చేసుకుని కట్టాకే, 2008 నుంచి పెద్ద ఓడలు వచ్చాయి. ఇరవై కిలోమీటర్ల తీరం, 6,800 ఎకరాల భూమి, యాభై ఏళ్ల హక్కు ఆ ఒప్పందంలో ఉన్నాయి. 2020 అక్టోబరులో అదానీ పోర్ట్స్ అందులో 75 శాతం, 2021లో మిగతా 25 శాతాన్ని 2,800 కోట్ల రూపాయలకు కొన్నది. రేవును ఒక సంస్థను నమ్మి ఇచ్చిన ప్రభుత్వం కొన్నేళ్ల తర్వాత చూస్తే అవతలి కుర్చీలో మరొకరు కూర్చుని ఉన్నారు. ఇది చట్టవిరుద్ధం కాదు. లీజు పత్రాలు వాటాలతో పాటు చేతులు మారతాయి, అంతే.

చేతులు మారితే ఏమవుతుంది? ఒకే రేవు ఉన్న కంపెనీకి ఆ రేవుకు సరుకు రాకపోతే బతుకు లేదు. తీరం పొడవునా రేవులున్న కంపెనీకి ఏ సరుకు ఏ రేవులో దిగితే మొత్తం మీద లాభమన్నది లెక్క. అదానీ సంస్థకు దక్షిణాన చెన్నై దగ్గర కాట్టుపల్లి రేవు 2018 నుంచే ఉంది. 2024 మొదట్లో కృష్ణపట్నం కంటైనర్ టెర్మినల్ కార్యకలాపాలు తమిళనాడు రేవులకు తరలిపోతున్నాయన్న ఆందోళన నెల్లూరులో రాజకీయ వివాదమైంది, పార్టీలు ధర్నాలు చేశాయి. నెల్లూరు రొయ్యలు, ఒంగోలు పొగాకు కంటైనర్లలోనే పోవాలి. బొగ్గు రాశి పోసుకునే బెర్తు, అంటే ఓడ ఆగే చోటు, వాటికి పనికిరాదు. కంపెనీ వైపు నుంచి చూస్తే ఓడలు ఎక్కడికి వస్తే అక్కడ టెర్మినల్ నడపడం సహజమైన వ్యాపార నిర్ణయం. జిల్లా వైపు నుంచి చూస్తే లారీ కిరాయిలు, కూలి పనులు, కస్టమ్స్ ఏజెంట్ల ఆఫీసులు ఆ నిర్ణయం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ నిర్ణయంలో జిల్లాకు గానీ రాష్ట్రానికి గానీ గట్టి ఓటు ఉండాలంటే అది ఒప్పందంలో ముందే రాసి ఉండాలి. కనీసం ఇంత కంటైనర్ సరుకు నిర్వహించాలి, లేదంటే ఈ బెర్తు వెనక్కివ్వాలి అన్న వాక్యం ఒకటి కావాలి. ఆ వాక్యం లేని చోట మంత్రి రాసే ఉత్తరానికి, ధర్నాకు పెద్ద తేడా ఉండదు.

అమెరికాలోని చికాగో నగరం చేసిన పని ఈ విషయంలో చూడదగ్గది. 2008లో ఆ నగరం వీధుల్లోని పార్కింగ్ మీటర్ల ఆదాయాన్ని 75 ఏళ్లకు దాదాపు 115 కోట్ల డాలర్లకు లీజుకిచ్చింది. ఆ హక్కు విలువ అంతకంటే కనీసం 97 కోట్ల డాలర్లు ఎక్కువని మరుసటి ఏడాది నగర ఇన్‌స్పెక్టర్ జనరలే నివేదిక ఇచ్చారు. అంతకంటే ఘోరం వేరే ఉంది. పండుగకో మరమ్మతుకో నగరం తన వీధి తానే మూసినా మీటర్ల కంపెనీకి పరిహారం కట్టాలి. తమ వీధిలో సైకిళ్ల దారి వేయాలన్నా నగరపాలకులు ముందు ఆ పత్రం తిరగేసుకోవాలి. పుట్టబోయే మేయర్ల చేతులు కూడా కట్టేశారన్నమాట. మన దగ్గర జాతీయ రహదారుల ఒప్పందాల్లోనూ పోటీ రహదారి వేయకూడదనో, వేస్తే పరిహారమనో ఉండే నిబంధనలు ఈ కోవలోవే. వెంకటాచలం దగ్గరో టంగుటూరు దగ్గరో టోల్ కట్టేటప్పుడు మనం చూసేది రసీదు మీది అంకెనే.

‘డబ్బు లేదు’ అన్న మాట

టోల్ దగ్గరే ఒక క్షణం. 2018లో కేంద్రం ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది రహదారి భాగాల మీద ముప్పై ఏళ్లు టోల్ వసూలు చేసుకునే హక్కును 9,681 కోట్ల రూపాయలకు ఆస్ట్రేలియా సంస్థ మెక్వారీకి ఇచ్చింది. అప్పటికే ప్రజల సొమ్ముతో పూర్తయిన రోడ్లవి. 2021 ఆగస్టులో ప్రకటించిన జాతీయ మానిటైజేషన్ పథకం ఇదే పద్ధతిని పెద్దది చేసి నాలుగేళ్లలో ఆరు లక్షల కోట్ల రూపాయలు లక్ష్యంగా పెట్టుకుంది. యాజమాన్యం ప్రభుత్వానిదే, ఏదీ అమ్మడం లేదు అన్నారు. నిజమే. ముప్పై ఏళ్ల ఆదాయాన్ని ఈ ఏడు బడ్జెట్‌లోకి ముందుకు లాక్కుంటున్నారు. తర్వాతి ఇరవై తొమ్మిది బడ్జెట్‌లలో ఆ ఆదాయం ఉండదు. వచ్చిన డబ్బుతో కొత్త ఆస్తి కడితే లెక్క సరిపోవచ్చు. జీతాలకో పథకాలకో ఖర్చయితే ఆస్తి కరిగిపోయినట్టే.

ఇక కొత్త నిర్మాణాల విషయంలో చెప్పే కారణం, ప్రభుత్వం దగ్గర డబ్బు లేదని. అది విని ప్రైవేటు కంపెనీ దగ్గర ఉందని మనం అనుకుంటాం. దాని దగ్గరా లేదు. అదీ అప్పే చేస్తుంది, సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం చెల్లించే వడ్డీ కంటే ఎక్కువకు. ఆ వడ్డీ మీద వాటాదారుల లాభం కూడా రావాలి. ఈ రెండూ చివరికి టోల్‌గానో, ఫీజుగానో, ప్రభుత్వం ఏటా కట్టే చెల్లింపుగానో జనం దగ్గరికే వస్తాయి. అప్పుడు పీపీపీ, అంటే ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం, వల్ల ప్రభుత్వానికి ఒరిగేది ఏమిటి? అప్పు తన ఖాతాలో కనిపించదు. రాష్ట్రాలు ఏటా ఎంత అప్పు చేయాలన్నదానికి పరిమితి ఉంది. పీపీపీ అప్పు ఆ పరిమితి లోపల లెక్కకు రాదు. చాలా పీపీపీల వెనక ఉన్న అసలు బలం ఇదే. సామర్థ్యం గురించి చెప్పే మాటలు తర్వాత వచ్చి చేరతాయి.

ఇంగ్లాండ్‌లో మంచినీటి, మురుగునీటి సంస్థలను 1989లో ప్రైవేటుపరం చేసినప్పుడు వాటి అప్పులన్నీ ప్రభుత్వమే రద్దు చేసి శుభ్రంగా అప్పగించింది. లండన్‌కు నీళ్లిచ్చే థేమ్స్ వాటర్ 2024 నాటికి పదిహేను వందల కోట్ల పౌండ్లకు పైగా అప్పుల్లో కూరుకుని మునిగిపోయే స్థితికి వచ్చింది. పైపులకు పెట్టుబడి చాలలేదు, నదుల్లోకి మురుగు వదిలారు, మధ్యలో డివిడెండ్లు మాత్రం అందాయి. నీటి సంస్థను మూసేయలేరు కనుక ఏం చేయాలన్న తలనొప్పి మళ్లీ ప్రభుత్వానిదే. లీజు చివరి ఏడాది కౌలుదారు పొలానికి గట్టు వేయడని మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మార్కాపురం

పశ్చిమ ప్రకాశంలో జబ్బు చేసిన మనిషి ఒంగోలుకో గుంటూరుకో పోవాలి. యర్రగొండపాలెం నుంచి, గిద్దలూరు నుంచి అది చిన్న ప్రయాణం కాదు. అందుకే మార్కాపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల వస్తుందంటే ఆ ప్రాంతం ఆశపడింది. 17 కొత్త కళాశాలలకు 8,480 కోట్ల రూపాయల అంచనాతో గత ప్రభుత్వం మొదలుపెట్టిన కార్యక్రమంలో అది ఒకటి. 2025 సెప్టెంబరులో ఇప్పటి ప్రభుత్వం వాటిలో పదింటిని పీపీపీ పద్ధతిలో పూర్తి చేయాలని నిర్ణయించింది. మొదటి విడతలో ఆదోని, మదనపల్లె, పులివెందులతో పాటు మార్కాపురం ఉంది. ప్రతిపక్షం కోటి సంతకాలంటూ ఉద్యమం నడిపింది. ప్రభుత్వం ఇది ప్రైవేటీకరణే కాదు, యాజమాన్యం మాదేనంటోంది.

ఇద్దరి మాటల్లోనూ కొంత మరుగు ఉంది. 2023 జూలైలో గత ప్రభుత్వమే కొత్త ప్రభుత్వ కళాశాలల్లో సగం సీట్లను మాత్రమే సాధారణ ఫీజుకు ఉంచి, 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు ఫీజు పెట్టింది. బోర్డు మీద ప్రభుత్వ కళాశాల, లోపల సగం ప్రైవేటు ధర. దాన్ని రద్దు చేస్తామని వాగ్దానం చేసిన పార్టీ అధికారంలోకి వచ్చి మరో మెట్టు ముందుకు వేసింది. ప్రైవేటీకరణ ఒక్కరోజు జరిగే సంఘటన అనుకుంటాం గానీ ఎక్కువగా ఇలా మెట్టు మెట్టుగా, జెండాలు మారినా దిశ మారకుండా జరుగుతుంది.

వైద్య కళాశాల అంటే సీట్లు మాత్రమే అనుకోవడం మరో పొరపాటు. మార్కాపురం చుట్టుపక్కల మనిషికి కావలసింది ఆసుపత్రి. మూడు దశాబ్దాలకు పైబడి నడిచే ఒప్పందంలో ఎన్ని పడకలు పూర్తి ఉచితం, ఉచిత పడక మీద ఉన్న రోగికి మందు, స్కానింగ్ కూడా ఉచితమా, రాత్రి పన్నెండుకు కాన్పు కేసు వస్తే కాదనే హక్కు ఎవరికైనా ఉందా, డాక్టర్ల పోస్టులు ఖాళీగా ఉంటే రోజుకు ఎంత జరిమానా అన్నవి పేజీల్లో ఉండాలి. ఆరోగ్యశ్రీ అనుభవం ఇందుకు హెచ్చరిక. 2007లో మొదలైన ఆ పథకం, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, పేదవాడికి ప్రైవేటు ఆసుపత్రి తలుపు తెరిచింది; అది చిన్న మేలు కాదు. కానీ ప్రభుత్వం బిల్లులు చెల్లించనప్పుడల్లా నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తాయి, 2025 అక్టోబరులో ఆపాయి కూడా. వాటిని తప్పుపట్టలేం, జీతాలు ఇవ్వాలి. అదే బకాయి ఒంగోలులోని ప్రభుత్వ ఆసుపత్రి రిమ్స్‌కు ఉన్నా రిమ్స్ గేటు మూయదు. సేవ కొనుక్కునే ప్రభుత్వానికీ సేవ నడిపే ప్రభుత్వానికీ తేడా, ఖజానా ఖాళీ అయిన నెలలో రోగికి తెలుస్తుంది.

లాభం వచ్చే ముక్క, రాని ముక్క

నెల్లూరు నుంచి హైదరాబాదుకు రాత్రి బయలుదేరే ప్రైవేటు స్లీపర్ బస్సులకు కొదవ లేదు. ఉదయగిరి అవతల సీతారామపురం మండలంలోని ఊళ్లకు మధ్యాహ్నం ఖాళీ సీట్లతో బస్సు నడుపుతానని వచ్చిన ట్రావెల్స్ యజమానిని నేను చూడలేదు. ఆర్టీసీ పెద్ద రూట్లలో సంపాదించి చిన్న రూట్లలో పోగొట్టుకునేది. పెద్ద రూట్ల ఆదాయాన్ని పోటీదారులు తీసుకుపోయాక చిన్న రూట్ల నష్టం మాత్రమే ఆర్టీసీ పద్దులో మిగిలింది, దాన్ని చూపించి సంస్థే దండగన్నారు. ఏ సేవలోనైనా ఇంతే: లాభం వచ్చే ముక్కను వేరు చేసి ఇచ్చేస్తే మిగిలిన ముక్కకు పన్నులే దిక్కు.

ఏ జీవో లేకుండా జరిగిపోయే ప్రైవేటీకరణ కూడా ఉంది. కనిగిరి, పామూరు వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ తరాలుగా ఉన్నదే. 1996లో పునాదిరాయి పడిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తూ జనం ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కోవడానికి అలవాటు పడ్డారు. ఎవరూ ఏదీ అమ్మలేదు. ప్రభుత్వం తన పని చేయలేదు, అంతే; మిగిలింది మార్కెట్ చూసుకుంది. బొలీవియాలోని కోచబాంబాలో 2000 సంవత్సరంలో నీటి చార్జీలు పెంచిన ప్రైవేటు కంపెనీ మీద నగరమంతా తిరగబడి ఒప్పందం రద్దు చేయించింది. క్యాన్ల వ్యాపారం మీద తిరగబడటానికి ఒప్పందమే లేదు.

మధ్యలో వెళ్లిపోతే

ఒడిశా 1999లో కరెంటు పంపిణీని ప్రైవేటుకిచ్చిన తొలి రాష్ట్రం. అదే ఏడాది సూపర్ సైక్లోన్ వచ్చింది. స్తంభాలు, తీగలు నేలకూలిన ప్రాంతాన్ని నడుపుతున్న అమెరికన్ కంపెనీ ఏఈఎస్ 2001లో చేతులెత్తేసి వెళ్లింది. మిగతా మూడు పంపిణీ సంస్థల లైసెన్సులను 2015లో నియంత్రణ సంఘం రద్దు చేసింది. రెండుసార్లూ దీపాలు వెలిగించి ఉంచింది ప్రభుత్వ యంత్రాంగమే. 2020 నుంచి టాటా పవర్ వచ్చింది. తుపాను గురించి మన జిల్లాలకు వేరే చెప్పాలా? లైసెన్సు తీసుకున్నవాడు గాలివాన తర్వాత కూడా ఉండేలా ఎంత డిపాజిట్ కట్టించుకుంటున్నారన్నది పంపిణీ ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడల్లా అడగవలసిన సంగతి.

ఢిల్లీ ఎదురు ఉదాహరణ, దాన్ని దాటేయడం నిజాయితీ కాదు. 2002లో ప్రైవేటుకిచ్చేనాటికి అక్కడ సగం కరెంటు దొంగతనంలోనో వసూలు కాకుండానో పోయేది. ఇప్పుడు ఆ నష్టం పది శాతం లోపే. ప్రభుత్వ సంస్థ చేయలేని పనే అది. కానీ ఆ విజయం పక్కనే రెండు విషయాలున్నాయి. చార్జీలు పెంచకుండా వాయిదా వేసిన ఖర్చు 27 వేల కోట్ల రూపాయలు దాటింది, దాన్ని కాలపరిమితిలో వసూలు చేయించాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత ఖర్చును తర్వాత బిల్లులో కలిపి వసూలు చేసే ట్రూఅప్ చార్జీలంటే ఏమిటో మన బిల్లుల్లో చూశాం కనుక ఆ భారం ఎక్కడికి వస్తుందో వివరించనక్కర్లేదు. రెండోది, ఆ కంపెనీల లెక్కలను ప్రభుత్వ లెక్కలు చూసే కాగ్ తనిఖీ చేయాలని ఢిల్లీ ప్రభుత్వం 2014లో ఇచ్చిన ఆదేశాన్ని 2015లో హైకోర్టు కొట్టేసింది. పౌరులకు మరో సరఫరాదారే లేని చోట కూడా లెక్కల పుస్తకం కంపెనీ సొంత ఆస్తి అయిపోయింది. ప్రభుత్వ కార్యాలయంలో పదిరూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో బయటికి వచ్చే కాగితం, లీజు అయ్యాక వాణిజ్య రహస్యమవుతుంది. నా మటుకు నాకు ప్రైవేటీకరణలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే, ఎందుకంటే మిగతా నష్టాలను పట్టుకునే కన్ను ఇది.

పోటీ నిజంగా సాధ్యమైన చోట ప్రైవేటు గురించి భయం అక్కర్లేదు. ఫోన్ కనెక్షన్ కోసం ఏళ్లు ఎదురుచూసిన తరం ఇంకా బతికే ఉంది. ఒకే పైపు, ఒకే తీగ, ఒకే రేవు, వంద కిలోమీటర్లకు ఒకే పెద్దాసుపత్రి ఉన్న చోట పోటీ టెండరు తెరిచే గంట వరకే.

ఇప్పుడు చూడవలసింది రామాయపట్నం. రేవుకు 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జూలైలో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. కృష్ణపట్నానికి భిన్నంగా దీన్ని ప్రభుత్వ సంస్థే అప్పు తెచ్చి కడుతోంది. అలల గోడలు, కాలువ, భూమి ప్రభుత్వానివి. నడపడం ప్రైవేటుకు ఇచ్చినా బెర్తు వారీగా ఇవ్వవచ్చు, కాలం తక్కువ పెట్టవచ్చు, కృష్ణపట్నం నడిపే సంస్థకే ఇది కూడా వెళ్లకుండా నిబంధన పెట్టవచ్చు. ఆ వెసులుబాటు కొనడానికే ప్రజలు ఆ అప్పు మోస్తున్నారు. పక్కనే రిఫైనరీ పెడతానంటున్నది ప్రభుత్వ రంగ చమురు కంపెనీ బీపీసీఎల్. 2019 నవంబరులో ఆ కంపెనీలో ప్రభుత్వానికున్న 52.98 శాతం వాటా మొత్తం అమ్మాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2022 మేలో బరిలో ఒక్కరే మిగలడంతో అమ్మకాన్ని ఆపేసింది. 2024 డిసెంబరులో అదే కంపెనీ బోర్డు మన తీరంలో రిఫైనరీ ముందస్తు పనులకు 6,100 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అమ్ముడుపోయి ఉంటే ఆ రిఫైనరీ ఎక్కడ పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో, మనకు పేరు కూడా తెలియని యజమాని తేల్చేవాడు.